హలో సెంట్రల్! - ఒక విసుగు చరిత్ర

యంత్రం మొరాయించినప్పుడు మగవాడు దాని మీద విరుచుకుపడతాడనీ, ఆడది తననే నిందించుకుంటూ ఓర్చుకుంటుందనీ ఒక అభిప్రాయం లోకంలో బాగా పాతుకుపోయింది. అది పుట్టుకతో వచ్చిన స్వభావమని కొందరూ, పెంపకమని కొందరూ వాదించుకుంటూ ఉంటారు. ఆ వాదంలో తలదూర్చడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ ఒక్క అభిప్రాయాన్ని పునాదిగా చేసుకొని ఒక పరిశ్రమ మొత్తం తన కొలువుల్ని నిర్మించుకున్న సందర్భం చరిత్రలో ఉంది. అది టెలిఫోను పరిశ్రమ. ఆ కథను కొంచెం తీరిగ్గా చెప్పుకుందామని ఈ ప్రయత్నం.

గ్రాహం బెల్‌కు 1876 మార్చి 7న టెలిఫోను మీద పేటెంటు దక్కింది. రెండేళ్ళు నిండకముందే, 1878 జనవరి 28న, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో న్యూహేవెన్ అనే ఊళ్ళో మొట్టమొదటి వాణిజ్య ఎక్స్ఛేంజి మొదలైంది. చందాదారులు 21 మంది. జార్జ్ కోయ్ అనే ఆయన దానికి స్విచ్‌బోర్డును స్వయంగా తయారుచేసుకున్నాడు. గుర్రబ్బండ్లకు వాడే మరమేకులు, టీ కెటిల్ మూతల పిడులు, ఆనాటి దొరసానుల గౌన్లు వెనకవైపు ఉబ్బెత్తుగా నిలబడటానికి లోపల అమర్చే తీగలు - ఇవీ అందులోని సరంజామా. ప్రపంచంలో మొదటి టెలిఫోను ఎక్స్ఛేంజి స్త్రీల లోదుస్తుల తీగల మీద నడిచిందన్నమాట! తరవాతి కథకు ఇంతకంటే తగిన నాంది దొరకదు.

ఆ రోజుల్లో టెలిఫోను ఎంత విసుగు పుట్టించే వస్తువో ఇప్పుడు ఊహించుకోవడం కష్టం. చందాదారుకు ఒకే తీగ ఉండేది. రెండో తీగ పని భూమి చేసేది. ఫలితంగా పక్క తీగల్లోని మాటలు, టెలిగ్రాఫు టకటకలు, వాతావరణంలోని చిటపటలు అన్నీ చెవిలోకి వచ్చి పడేవి. 1880ల చివర ఊళ్ళలోకి కరెంటు ట్రాములు రావడంతో ఆ రొద మరీ పెరిగింది. మాట వినబడాలంటే గొంతు చించుకోవాలి. పిడి తిప్పి, ఎక్స్ఛేంజిలోని మనిషి పలికేదాకా కాచుకొని, కావలసినవారి పేరు చెప్పి, మళ్ళీ కాచుకోవాలి. ఇంతా చేస్తే అవతల పలికేది వేరొకరు కావచ్చు. ఇంతటి చికాకుకూ నడుమ నిలిచింది ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటరు. యంత్రాన్ని తిట్టి లాభం లేదు, దానికి చెవుల్లేవు. ఆపరేటరుకు ఉన్నాయి.

మొదట్లో ఆ కొలువుల్లో పదిహేను, పదహారేళ్ళ మగపిల్లల్ని పెట్టుకున్నారు. అప్పటికే టెలిగ్రాఫు కార్యాలయాల్లో తంతి వార్తలు మోసుకు తిరగడానికి ఇటువంటి కుర్రవాళ్ళు వందలకొద్దీ ఉన్నారు. చురుకైనవాళ్ళు, చవగ్గా దొరికేవాళ్ళు, తీగలంటే భయం లేనివాళ్ళు. అందుచేత కంపెనీలు రెండో ఆలోచన లేకుండా వాళ్ళను తీసుకొచ్చి స్విచ్‌బోర్డుల ముందు నిలబెట్టాయి. ఇక చూడండి. చందాదారు విసుక్కుంటే వీళ్ళు అంతకు రెట్టింపు విసుక్కునేవారు. అతడు తిడితే వీళ్ళు బూతులు లంకించుకునేవారు. కావాలని తప్పు తీగలు కలిపి, ఇద్దరు అపరిచితుల్ని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి, తాము వింటూ నవ్వుకునేవారు. ఎక్స్ఛేంజిలో కుస్తీపట్లు పట్టుకునేవారు. నెలనెలా రుసుము కట్టే వైద్యులు, వకీళ్ళు, వర్తకులు ఒక పదహారేళ్ళ కుర్రవాడి చేత తిట్లు తినడానికి ఎన్నాళ్ళని సిద్ధపడతారు?

ఆ నేపథ్యంలో 1878 సెప్టెంబరు 1న, బోస్టన్‌లో ఎడ్విన్ హోమ్స్ నడుపుతున్న టెలిఫోను కంపెనీలో ఎమ్మా నట్ అనే యువతి ఆపరేటరుగా చేరింది. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరుగా ఆమెనే చెబుతారు. కొద్ది గంటల తేడాతో ఆమె చెల్లెలు స్టెల్లా కూడా చేరింది. ఎమ్మా జీతం నెలకు 10 డాలర్లు, వారానికి 54 గంటల పని. ఆమె గొంతు మృదువుగా ఉందని, ఎంత విసుక్కున్నా తిరిగి విసుక్కోదని చందాదారులు మురిసిపోయారు. ఆమె ఆ కొలువులో మూడు దశాబ్దాలకు పైగా ఉండిపోయింది. 1880ల చివరికి వచ్చేసరికి పగటిపూట స్విచ్‌బోర్డుల ముందు మగపిల్లవాడన్నవాడు దాదాపు కనిపించలేదు. రాత్రిపూట మాత్రం మరికొంత కాలం వాళ్ళే ఉన్నారు - కన్నెపిల్లలు చీకటి పడ్డాక పనిచేయడం మర్యాద కాదు గనుక.

కథ ఇక్కడితో ఆపితే కంపెనీలు చెప్పుకున్నట్టే ఉంటుంది: మగపిల్లలకు ఓపిక లేదు, ఆడపిల్లలకు ఉంది, కనుక వీరిని తీసేసి వారిని పెట్టాం. ఇందులో అబద్ధం లేకపోవచ్చు గానీ, నాకెందుకో ఇది సగమే నిజం అనిపిస్తుంది.

మొదటి సంగతి. ఆ కుర్రవాళ్ళు నేర్చుకున్న మర్యాద టెలిగ్రాఫు మర్యాద. టెలిగ్రాఫులో ఖాతాదారు చెవి తీగ దగ్గర ఉండదు. అతడు కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళిపోతాడు. తీగ మీద మాట్లాడుకునేది పనివాళ్ళు పనివాళ్ళు మాత్రమే. అక్కడ ఎకసెక్కాలు, పోట్లాటలు, బూతులు పనిలో భాగంగా చెల్లిపోయేవి. అదే అలవాటు టెలిఫోనులోకి వచ్చేసరికి తీగ చివర రుసుము చెల్లించిన పెద్దమనిషి చెవి ఉంది. మారింది మనుషులు కాదు, వినేవాడు.

రెండో సంగతి. తొలి స్విచ్‌బోర్డుల మీద ఒక కాల్ కలపాలంటే ఇద్దరు ముగ్గురు చేతులు కలపాల్సి వచ్చేది. ఒకడు పిలుపు అందుకుంటే, ఇంకొకడి దగ్గరికి కేక వేసో, చీటీ పట్టుకు పరుగెత్తో చెప్పాలి. అంటే ఆ గదిలో అరుపులూ పరుగులూ పనిలోనే ఇమిడి ఉన్నాయి. తరవాత మల్టిపుల్ స్విచ్‌బోర్డు అనేది వచ్చింది. ఒక్కొక్క ఆపరేటరు చేతికందే దూరంలో అందరు చందాదారుల రంధ్రాలూ ఉండే ఏర్పాటు. కూర్చున్నచోటునుంచి కదలకుండా, గొంతు పెంచకుండా కాల్ కలపవచ్చు. ఆడపిల్లలు నిలదొక్కుకున్నది, ఈ బోర్డులు పెరిగింది కాస్త అటూఇటూగా ఒకే కాలంలో. కనుక నిశ్శబ్దాన్ని తెచ్చింది ఎవరో, ఏదో తేల్చిచెప్పడం అంత సులభం కాదు.

మూడో సంగతి అన్నిటికంటే ముఖ్యమైనది. మగపిల్లవాడికి ఆ కొలువు ఒక మెట్టు. రేపు తీగలు వేసేవాడు అవుతాడు, ఎల్లుండి మేస్త్రీ, ఆ తరవాత మేనేజరు. ఈ పని పోతే ఇంకొకటి దొరుకుతుంది. ఆడపిల్లకు బడిపంతులమ్మ, కుట్టుపని, ఇంటిపని, మిల్లు తప్ప వేరే దారి లేదు. ఆపరేటరు పదవిలో ఎక్కడానికి మెట్లూ పెద్దగా లేవు. కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషికి ఒక స్తోమత కావాలి. పని పోయినా ఫరవాలేదనుకునేవాడే యంత్రం మీదా, యజమాని మీదా చిందులు తొక్కగలడు. కంపెనీ దీన్ని "స్త్రీసహజమైన సహనం" అని పేరుపెట్టి తక్కువ జీతానికి కొనుక్కుంది.

ఇక చందాదారుల సంగతి. విసుగును మింగుకోవడం మగవారికి ఏనాడూ అలవాటు లేదనడానికి మార్క్ ట్వేన్ మహాశయుడే సాక్షి. హార్ట్‌ఫర్డ్‌లోని తన ఇంట్లో తొలినాళ్ళలోనే టెలిఫోను పెట్టించుకున్న ఆయన, 1890 క్రిస్మసుకు ఒక పత్రిక ద్వారా లోకానికి శుభాకాంక్షలు పంపుతూ, సమస్త మానవులూ చివరకు స్వర్గంలో కలుసుకోవాలని కోరి, ఒక్క టెలిఫోను కనిపెట్టినవాణ్ణి మాత్రం ఆ జాబితాలోంచి మినహాయించాడు. అంతకుముందు ఏడాది వచ్చిన తన నవలలో కథానాయకుడు ఆరో శతాబ్దానికి వెళ్ళిపోయి, నిద్రలో కూడా తన కాలపు ఆపరేటరునే కలవరిస్తాడు. అది విన్న భార్య ఆ మాటనే తమ బిడ్డకు పేరుగా పెడుతుంది - "హలో సెంట్రల్" అని! ఒకే మనిషి యంత్రాన్ని శపించాడు, దాని వెనక పలికే గొంతును ముద్దు చేసుకున్నాడు. ఆనాటి మగ చందాదారుల మనస్తత్వం మొత్తం ఈ రెంటిలో ఉంది.

ముద్దులూ శాపాలూ రెండూ భరించింది బోర్డు ముందరి పిల్లే. పదిహేడు నుంచి ఇరవైఆరేళ్ళ లోపు, పెళ్ళికానివారై ఉండాలి. బోర్డు పైవరస అందేలా ఎత్తుండాలి, చేతులు చాలినంత చాచగలగాలి. 1880ల్లో వాళ్ళు భుజాలమీద మోసిన తొలి హెడ్‌సెట్టు బరువు ఆరు పౌన్లు దాటి ఉండేది. చందాదారు ఏమన్నా జవాబుగా చెప్పదగిన మాటలు ముందే రాసి ఇచ్చారు. ఏ మాటను ఏ స్వరంలో పలకాలో కూడా నేర్పారు. వెనకనుంచి సూపర్‌వైజరు తిరుగుతూ ఉంటుంది. పెద్ద ఎక్స్ఛేంజిల్లో కొన్నిచోట్ల ఆవిడ కాళ్ళకు చక్రాల బూట్లు కూడా ఉండేవి. వేరొకచోట కూర్చొని ఇంకొకరు రహస్యంగా వింటూ ఉంటారు. కోపం రావచ్చుగాని కనబడకూడదు, వినబడకూడదు.

కనబడని కోపం ఎక్కడికి పోతుంది? దీనికి జవాబు 1907లో కెనడాలోని టొరంటోలో దొరికింది. అక్కడి బెల్ కంపెనీ ఆపరేటర్ల రోజువారీ పనిని అయిదు గంటలనుంచి ఎనిమిది గంటలకు పెంచబోయింది. నాలుగువందల మందికి పైగా ఆడపిల్లలు పని మానేసి బయటికి వచ్చారు. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. అందులో ఒకరు మెకంజీ కింగ్, తరవాతి కాలంలో ఆ దేశానికి ప్రధానమంత్రి అయినవాడే. ఆ సంఘం ముందు ఆపరేటర్లు వచ్చి తాము బోర్డు ముందే సొమ్మసిల్లి పడిపోవడం గురించి, ఇంటికి వెళ్ళాక కారణం లేకుండా వెక్కివెక్కి ఏడవడం గురించి, దూరప్రాంతపు తీగల్లోంచి తగిలిన కరెంటు షాకుల గురించి సాక్ష్యం చెప్పారు. వైద్యులు ఒకరి తరవాత ఒకరు వచ్చి, ఈ పని నరాలను పిండేస్తున్నదని చెప్పారు. ఇన్నాళ్ళూ "సహజ సహనం" అని కంపెనీ ప్రకటనల్లో రాసుకున్నది వైద్యుల నోట "నరాల నలుగుడు"గా తేలింది. అయితే ఆ వైద్యులూ తక్కువవాళ్ళు కారు. వాళ్ళలో కొందరి బెంగ అంతా ఈ పిల్లలు రేపు తల్లులైతే పుట్టబోయే సంతానం ఏమవుతుందోనని! ఆ పిల్ల కోసమే ఆ పిల్లను గురించి బాధపడ్డవారు ఎందరో నాకు అనుమానమే.

ఇక్కడ మన దేశం సంగతి ఒక మాట చెప్పాలి. 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజిలు తెరుచుకున్నాయి. స్వాతంత్ర్యం వచ్చేదాకా, వచ్చాక కూడా కొన్నేళ్ళపాటు, పెద్ద నగరాల్లో ఆపరేటర్లుగా ఆంగ్లో-ఇండియన్ స్త్రీలు ఎక్కువగా కనిపించేవారు. మనవారి ఆడపిల్లలు ఈ కొలువుల్లోకి దండిగా వచ్చింది తరవాతే. ఆపరేటరు అవసరం లేకుండా నేరుగా దూరపు ఊళ్ళకు డయల్ చేసుకునే సౌకర్యం మన దేశంలో మొదట లక్నో, కాన్పూరుల మధ్య 1960 నవంబరులో వచ్చింది. మన ఊళ్ళకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. అంతవరకూ ట్రంక్ కాలే దిక్కు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు తరగతులు. లైట్నింగ్ అంటే మెరుపు. ఆ మెరుపు మెరవడానికి కూడా గంట పట్టిన సందర్భాలు ఆ కాలపువారికి గుర్తుండే ఉంటాయి.

మా దొడ్డమ్మ ఒకావిడ 1970ల్లో ఒక కోస్తా పట్టణంలో ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసేది. బుక్ చేసిన ప్రతి కాల్‌కూ ఒక చీటీ ఉంటుంది. చీటీలు దొంతరగా పేర్చి ఉంటాయి. లైను దొరికినకొద్దీ పైనుంచి తీసి కలపాలి. వరస తప్పకూడదు. పొగాకు వ్యాపారులు, రొయ్యల వాళ్ళు, సినిమా పంపిణీదారులు గంటలకొద్దీ కాచుకొని, చివరకు లైను దొరక్కపోతే ఈవిడ మీద పడి అరిచేవారట. "మరి నువ్వేమనేదానివి దొడ్డమ్మా?" అని ఒకసారి అడిగాను. "ఏమంటానురా నాన్నా, ప్రయత్నిస్తున్నామండీ అనేదాన్ని" అంది. కాసేపు ఆగి, ముసిముసిగా నవ్వుతూ, "అని, వాడి చీటీ తీసి దొంతర అడుక్కి దోపేదాన్ని" అంది. ఇంట్లో ఎంత పెద్ద గొడవ జరిగినా గొంతు పెంచని మనిషి ఆవిడ. మా అమ్మ ఆవిణ్ణి భూదేవితో పోల్చేది. ఆ భూదేవి ఒక పట్టణంలోని పెద్దమనుషుల్ని ఎందరిని గంటలకొద్దీ గోళ్ళు గిల్లుకునేలా చేసిందో లెక్కలేదు. విసుగుకు గొంతు లేకపోవచ్చు, చేతులున్నాయి. అయితే దీనికి మూల్యం కూడా ఆవిడే చెల్లించింది. రిటైరయ్యాక ఇంట్లో టెలిఫోను పెట్టించినా, అది మోగితే ఆవిడ ఎత్తేది కాదు. పక్కనే కూర్చొని ఉన్నా, వంటింట్లోంచి ఎవరో ఒకరు పరుగెత్తుకు రావలసిందే.

ఈ చీటీ దోపుడు సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆల్మన్ స్ట్రౌజరు గుర్తొస్తాడు. అమెరికాలో కాన్సస్ సిటీలో శవసంస్కారాల వ్యాపారం చేసుకునేవాడు. ఆయన ఆగ్రహం చరిత్రలో చెప్పుకోదగ్గది. తనకు రావలసిన కాల్స్ రావడం లేదనీ, ఆపరేటరు వాటిని పోటీదారుకు మళ్ళిస్తున్నదనీ ఆయన నమ్మాడు. ఆ ఆపరేటరు పోటీదారు భార్య అనే కథ కూడా బాగా ప్రచారంలో ఉంది. కథలో ఎంత నిజమో గాని ఆయన అనుమానం మాత్రం నిజమే. వేరొకరైతే కంపెనీకి ఫిర్యాదు రాసి ఊరుకునేవారు. ఈయన ఆపరేటరే లేని టెలిఫోనును తయారుచేయడానికి పూనుకున్నాడు. 1891 మార్చి 10న పేటెంటు పొందాడు. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్‌లో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి మొదలైంది. మెట్లుమెట్లుగా కదిలే ఆ స్విచ్చి ఆయన పేరుతోనే దాదాపు నూరేళ్ళు లోకమంతా రాజ్యమేలింది. మన దేశంలోనూ టకటకమని శబ్దం చేస్తూ అవే ఉండేవి.

కుర్రవాళ్ళు అల్లరి చేస్తున్నారంటే వాళ్ళను తీసేసి ఆడపిల్లల్ని పెట్టారు. ఆడపిల్ల మీద అనుమానం వచ్చిందంటే ఆమెను తీసేసి స్విచ్చిని పెట్టారు. విసుగు పుట్టినప్పుడల్లా ఎవరో ఒక మనిషిని బోర్డు ముందునుంచి లేపేయడమే పరిష్కారంగా తోచింది. తీగలు బాగుచేసే ఆలోచన మాత్రం తీరిగ్గా వచ్చింది. రెండు తీగల లైన్లు అన్నిచోట్లా వేయడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టాయి.

స్ట్రౌజరు స్విచ్చి ఉన్నా బెల్ కంపెనీ చాలాకాలం దాన్ని దగ్గరికి రానివ్వలేదు. చందాదారు తానే నంబరు తిప్పుకోవాలంటే చికాకు పడతాడనీ, పనివాళ్ళు చేయవలసిన పని దొరలచేత చేయించినట్టవుతుందనీ వారి వాదం. ఆడపిల్ల గొంతే తమ సేవలోని ఆకర్షణ అని కూడా వారికి తెలుసు. ఈలోగా మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఫ్రాన్సులో అమెరికన్ సేనల టెలిఫోన్లు నడపడానికి సైనికులను పెడితే ఒక్కో కాల్ కలపడానికి నిమిషం దాకా పడుతున్నదట. సేనాని పెర్షింగు ఫ్రెంచి వచ్చిన మహిళా ఆపరేటర్లను పంపమని కబురుపెట్టాడు. 1918లో గ్రేస్ బ్యాంకర్ నాయకత్వంలో తొలి జట్టు అట్లాంటిక్ దాటి వెళ్ళింది. సైనికుడికి నిమిషం పట్టిన పని వాళ్ళు పది సెకన్లలో చేసేవారు. ఫిరంగులు పేలుతున్నా బోర్డు దగ్గరనుంచి కదలలేదు. యుద్ధం ముగిశాక, మీరు సైనికులు కారు, కిరాయి పౌరులు అని ప్రభుత్వం చేతులు దులుపుకుంది. సైనికులుగా గుర్తింపు దక్కేసరికి 1977 వచ్చింది. అప్పటికి వాళ్ళలో చాలామంది లేరు.

1919 ఏప్రిల్‌లో బోస్టన్‌లో, అంటే నాలుగు దశాబ్దాల కింద ఎమ్మా నట్ కూర్చున్న ఊళ్ళోనే, జూలియా ఓకానర్ నాయకత్వంలో ఆపరేటర్లు సమ్మె కట్టారు. న్యూ ఇంగ్లండు రాష్ట్రాలంతటా సుమారు 8,000 మంది బోర్డుల ముందునుంచి లేచిపోయారు. అప్పట్లో టెలిఫోన్లు యుద్ధకాలపు ఏర్పాటుగా పోస్ట్‌మాస్టర్ జనరల్ ఆధీనంలో ఉన్నాయి. కనుక ఇది నేరుగా ప్రభుత్వం మీదే సమ్మె. ఆరు రోజులు ఆ ప్రాంతమంతా మూగబోయింది. జీతాలు పెరిగాయి. నలభైయేళ్ళుగా "స్వభావతః సహనవతులు" అని పేరుపడ్డవాళ్ళు ఆరు రోజుల్లో గెలిచారు. అదే ఏడాది నవంబరులో వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్‌లో బెల్ సంస్థ తన తొలి పెద్ద డయల్ ఎక్స్ఛేంజిని ప్రారంభించింది. సమ్మెకు ఇది ప్రతీకారమని అనుకోవడం తొందరపాటవుతుంది. ఆటోమేటిక్‌కు మళ్ళాలన్న ఆలోచన యుద్ధకాలంలో పనివారు దొరకకపోవడంతోనే బలపడింది. అయినా ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను.

ఆ తరవాత అర్ధశతాబ్దంలో ఊరి తరవాత ఊరు డయల్‌కు మారింది. 1920 నాటికి అమెరికాలో పడుచుపిల్లలు ఎక్కువగా చేసే కొలువుల్లో ఆపరేటరు పని ఒకటి. ఆ కొలువులు పోయినప్పుడు ఏమైందో జేమ్స్ ఫైగెన్‌బామ్, డానియల్ గ్రాస్ అనే ఆర్థికవేత్తలు జనాభా లెక్కలు తవ్వి చూశారు. తరవాతి తరం పిల్లలు వేరే కొలువుల్లో సర్దుకున్నారు. గుమాస్తా పనులు, హోటలు పనులు దొరికాయి. నష్టపోయింది అప్పటికే బోర్డుల ముందు ఏళ్ళు గడిపినవారు, అందులోనూ వయసు మళ్ళినవారు. ఎంతో మంది తిరిగి పనిలోకి రాలేదు, వచ్చినవారు చాలామంది తక్కువ జీతానికి వచ్చారు. ఎవరి విసుగునైతే వీళ్ళు ఇన్నాళ్ళూ మింగారో ఆ చందాదారులు మాత్రం ఇప్పుడు తమ వేలితో తామే తప్పు నంబరు తిప్పుకొని, తిట్టుకోవడానికి ఎవరూ లేక, డయలును తిట్టుకోవడం మొదలుపెట్టారు.

స్త్రీలు ఓర్చుకుంటారు, పురుషులు కనిపెడతారు అని ఎవరైనా ఈ కథనుంచి తేల్చుకుంటారేమోనని నాకు శంక. స్ట్రౌజరుకు కోపం వస్తే స్విచ్చి పుట్టింది, నిజమే. పనివాళ్ళ చేతుల్లో పింగాణీ పళ్ళేలు పెచ్చులూడిపోతుంటే విసిగిపోయిన జోసెఫిన్ కాక్రెన్ 1886లో పాత్రలు కడిగే యంత్రానికి పేటెంటు తీసుకుంది. న్యూయార్క్ ట్రాములో డ్రైవరు మంచుకు ముందు అద్దం కనబడక అవస్థపడటం చూసిన మేరీ ఆండర్సన్ 1903లో వైపరును కనిపెట్టింది. ఈ ఉదాహరణలు అందరికీ తెలిసినవే. టెలిఫోను కథలోనే ఇంకొకటుంది. తక్కువమందికి తెలుసు.

1954లో బెల్ లాబ్స్‌లో చేరిన ఎర్నా హూవర్ తత్వశాస్త్రం, గణితం చదువుకున్న మనిషి. 1960ల్లో స్ట్రౌజరు స్విచ్చుల స్థానంలో కంప్యూటరుతో నడిచే ఎక్స్ఛేంజిలు వస్తున్నాయి. వాటికో జబ్బుండేది. ఒక్కసారిగా కాల్స్ వెల్లువెత్తితే ఆ కంప్యూటరు దేన్ని ముందు చూడాలో తెలియక స్తంభించిపోయేది. డబ్బు లెక్కలు, చిట్టాలు రాసే పనులు కాసేపు ఆపి, వచ్చిన పిలుపును ముందు అందుకోవాలి, వెల్లువను బట్టి ఎన్ని పిలుపులు తీసుకోవాలో కంప్యూటరే సర్దుకోవాలి - ఇదీ ఆమె ఆలోచన. రెండో కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రి మంచంమీద ఉండి ఆ పద్ధతికి తొలి చిత్రాలు గీసింది. పేటెంటు 1971 నవంబరులో వచ్చింది. ఒత్తిడి పెరిగినప్పుడు కంగారుపడకుండా, ముఖ్యమైనదాన్ని ముందు చేసి మిగిలినవాటిని పక్కన పెట్టడం. అనుభవమున్న ఏ స్విచ్‌బోర్డు ఆపరేటరును అడిగినా, అది తన చేతిలో రోజూ ఉన్న విద్యేనని చెప్పేది. మా దొడ్డమ్మ చీటీల దొంతర కూడా ఒకరకంగా అదే గదా!

ఆపరేటరు పోయినా ఆమె గొంతు పోలేదు. యాపిల్ వారి సిరి, అమెజాన్ వారి అలెక్సా వంటివి వచ్చినప్పుడు వాటికి ఆడగొంతే పెట్టారు. తిట్టినా, బూతులాడినా అవి మర్యాదగానో, చిలిపిగానో బదులిచ్చేవి. 2019లో యునెస్కో ఒక నివేదిక వెలువరించి, బూతుకు బదులుగా సిరి ఒకప్పుడు ఇచ్చిన లజ్జాపూర్వకమైన సమాధానాన్నే దానికి శీర్షికగా పెట్టి, ఇది ఎటువంటి పాఠం నేర్పుతున్నదని నిలదీసింది. 2021లో యాపిల్ ఇంగ్లీషు సిరికి ఆడగొంతును ముందుగానే పెట్టివుంచడం మానేసి, ఏ గొంతు కావాలో మీరే ఎంచుకోండి అనడం మొదలుపెట్టింది. ఎమ్మా నట్ బోర్డు ముందు కూర్చున్న నూటనలభైరెండేళ్ళకు.

చివరగా బ్రయంట్ పాండ్ గురించి చెప్పి ముగిస్తాను. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని చిన్న పల్లె అది. దేశమంతా బటన్లు నొక్కుతున్న 1980ల్లో కూడా ఆ ఊరి జనం పిడి తిప్పి ఆపరేటరును పిలిచేవారు. ఎక్స్ఛేంజి ఎక్కడో కాదు, ఎల్డెన్, బార్బరా హాథవే అనే దంపతుల ఇంటి ముందుగదిలోనే ఉండేది. ఆ చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనుక్కొని డయల్ పెడతామంటే ఊళ్ళో కొందరు ఉద్యమం లేవదీశారు. మా పిడి మాకు ఉండనివ్వండి అని. నెమ్మదైనది, పాతబడినది, ఒకేసారి నలుగురు పిలిస్తే కాచుకోవలసినది అయిన ఆ బోర్డు కోసం ఆడామగా అందరూ పోట్లాడారు. పిడి తిప్పితే పలికే మనిషి, డాక్టరు ఏ ఇంట్లో ఉన్నాడో, పక్కింటివాళ్ళు ఊళ్ళో ఉన్నారో లేరో కూడా చెప్పేది మరి. 1983 అక్టోబరులో ఆ బోర్డు ఆగిపోయింది.